బిగింపు బాబాయి చేసిన ఉయ్యాల

ఉక్కు భవనాలు కట్టేచోట అందరూ ఆయన్ని బిగింపు బాబాయి అంటారు. పేరుకు తగ్గ మనిషే. ఎక్కడో పైన కూర్చుని, క్రేను అందించిన ఉక్కు దూలాన్ని ఊగకుండా ఒడిసిపట్టి, స్తంభానికి ఆనించి బోల్టులు బిగించడం ఆయన పని. వేలాడే దూలం ఊగిందంటే ఎవరి నడుమో విరిగిందన్నమాటే. అందుకని ఊగేది ఏది కనబడినా సరే, బాబాయి చెయ్యి దానంతటదే ముందుకెళ్లి ఆపేస్తుంది.

పనిలో ఆ చెయ్యి బంగారం. ఇంట్లో మాత్రం ప్రాణానికి తలనొప్పి. గోడ గడియారం లోలకం ఊగుతుంటే చూడలేక వేలుపెట్టి ఆపేశాడు. ఇక ఆ ఇంట్లో టైమెంతైందో దేవుడికే తెలియాలి. గాలికి కొట్టుకుంటున్నాయని కిటికీ రెక్కల్ని ఎంత బిగించాడంటే, వాటిని మళ్లీ తెరవడం ఎవరి తరమూ కాలేదు. ఆరేసిన బట్టలు కూడా కదలకూడదని కింద ఇనపబద్ద కట్టాడు మహానుభావుడు. ఏమన్నా అంటే ఒకటే జవాబు.

"ఊగితే పడుతుందే! పడితే ఎవరిది పూచీ?"

అలాంటి మనిషిని పట్టుకుని పిన్ని, అంటే ఆయన భార్య, ఉయ్యాల చేసిపెట్టమంది.

కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి అడిగిందట. ఆయన "చూద్దాంలే" అన్నాడు, ఆవిడ ఊరుకుంది. ఈసారి పట్టుబట్టడానికి కారణం వాళ్లక్క. అక్కగారి వరండాలో ఉయ్యాల ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా "ఆగవే, ఉయ్యాల్లో కూర్చుని మాట్లాడతా" అంటూ మొదలెడుతుంది. ఒకరోజు పిన్నికి ఒళ్లు మండి "మా ఆయన కూడా చేస్తున్నారులే, నీదానికంటే పెద్దది" అనేసింది. అక్కగారు ఊరుకుంటుందా? ఆదివారం చూడ్డానికొస్తానంది.

"జన్మలో మిమ్మల్ని ఒక్కటే అడిగానండీ," అంది పిన్ని. "అక్క ముందు నా పరువు తియ్యకండి, మీకు పుణ్యముంటుంది."

"నువ్వు నిశ్చింతగా ఉండవే. ఏనుగెక్కినా చెక్కుచెదరనిది చేస్తా!"

అక్కడే అనుమానించాల్సింది. పాపం, సంబరంలో ఉంది, పట్టించుకోలేదు.

బాబాయి మేనేజరునడిగి మిగిలిపోయిన ఉక్కు ముక్కలు తెచ్చాడు. వరండాలో నాలుగు స్తంభాలు నిలబెట్టాడు, పైన దూలం వేశాడు, దానికి కడ్డీలతో బల్ల వేలాడదీశాడు. అంతా బాగానే ఉంది. చివర్లో ఒకసారి తోసి చూస్తే అది ఊగింది. కొంప మునిగిందిరా అనుకుని, అప్పటికప్పుడు రెండు పక్కలా బల్లనుంచి స్తంభాలకు ఏటవాలుగా కడ్డీలు వేసి, పానాతో బలంకొద్దీ బిగించాడు. మళ్లీ తోసి చూశాడు. కదల్లేదు. హమ్మయ్య అని చెమట తుడుచుకుని, రంగు వేసి, ఆదివారం దాకా ఎవరూ చూడకుండా దుప్పటి కప్పేశాడు.

అక్కగారు రానే వచ్చింది. పిన్ని గొప్పగా దుప్పటి లాగింది. అక్కగారు కూర్చుని కాలితో నేలను తన్నింది. ఇంకాస్త గట్టిగా తన్నింది. కాలి చెప్పు ఊడి గుమ్మం దాకా ఎగిరింది గానీ ఉయ్యాల మాత్రం ఉన్నచోటే ఉంది.

"మరిదిగారూ, ఇది ఊగదేమిటి?"

"ఊగదు వదినగారూ!" బాబాయి మొహం వెలిగిపోయింది. "భూకంపమొచ్చినా ఊగదు! తన్నండి, మొహమాటపడకుండా తన్నండి!"

అక్కగారు పొట్ట పట్టుకుని నవ్వింది. "ఒసేయ్ చెల్లీ, దీన్ని బల్ల అంటారే!" అంటూ రెండో చెప్పు కూడా జారిపోయేలా నవ్వింది. పిన్ని కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. గదిలోకెళ్లి తలుపేసుకుంది. ఆ గడియ బాబాయి స్వయంగా బిగించినది, బయటినుంచి తెరవడం ఎవడబ్బ తరమూ కాదు.

అక్కగారు వెళ్లాక బాబాయి తలుపు దగ్గర చేరాడు.

"ఏమే, ఏడుస్తున్నావా? ఏం లోపం చేశానే? ఒక్క బోల్టన్నా వదులుగా ఉందా?"

"వదులుగా ఉండాలండీ!" లోపల్నుంచి అరిచింది పిన్ని. "ఉయ్యాలంటే ఊగాలి! ఆ మాత్రం తెలీదా మీకు?"

బాబాయి వెళ్లి ఏటవాలు కడ్డీల బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. బిగించడమే తప్ప విప్పడం ఎరగని చేతులు, పానాను మాటిమాటికీ బిగింపు వైపే తిప్పేస్తున్నాయి. ఆ చప్పుడు విని పిన్ని బయటికొచ్చింది, ముక్కు తుడుచుకుని ఉయ్యాల్లో కూర్చుని ఊపమంది.

ఆయన తోశాడు. ఉయ్యాల తిరిగొచ్చేసరికి గబుక్కున పట్టేసుకున్నాడు. మళ్లీ తోశాడు, మళ్లీ పట్టేశాడు.

"ఇదేం చోద్యమండీ?"

"నేను కాదే, చేతులు!"

"అయితే ఆ చేతుల్ని పట్టుకొచ్చి ఇక్కడ కూర్చోండి."

పక్కన కూర్చోబెట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టించి, కాలితో నేలను ఒక్క తన్ను తన్నింది. మేడలపైన దూలాల మీద నడిచే మనిషి నేలకు మూరెడెత్తున కెవ్వుమన్నాడు.

"ఆపవే! పడిపోతా! అమ్మో, భయమేస్తోందే!"

"వెయ్యనివ్వండి," అంది పిన్ని, ఇంకోసారి తన్ని. "నాకు రోజూ వేస్తుంది. పొద్దున మీరు బయల్దేరితే, సాయంత్రం గేటు చప్పుడయ్యేదాకా."

బాబాయి అరుపు ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆవిడ ఈ సంగతి చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. ఆయనకు సిగ్గేసింది, ఆవిడ మీద చెప్పలేనంత జాలేసింది.

"ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే మానేస్తారా?"

మానడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. బాబాయి తొడ కిందనుంచి ఒక చెయ్యి మెల్లగా బయటికి తీశాడు.

"మళ్లీ ఆపేస్తారా ఏమిటి?"

"లేదే," అన్నాడు. ఆ చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, "ఊపు" అన్నాడు.