మూడో నెల అన్నాను

ఆరేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు. చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని కూడా చెప్పలేదు. కళ్ళు మూసుకుని ఈ ఒక్కటీ పక్కన పెట్టి మిగతావన్నీ ఒప్పుకునేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ముందే అనేస్తాను, లేకపోతే మళ్ళీ వెనక్కి తగ్గుతాను. కడుపుతో లేకుండానే ఉన్నానని చెప్పి ఒక మంచి మనిషిని మోసం చేశాను.

మాది నాచారం. మల్లాపూర్‌లో ఒక చిన్న కుట్టు కంపెనీలో చెకింగ్ పని నాది. అంటే, కుట్టిన బట్టల్లో తప్పు కుట్లు వెతికి పక్కన పడేయడం. ఇరవై మంది కుట్టినదాంట్లో ఎవరు తొందరపడ్డారో కుట్టు చూసి చెప్పేస్తాను. ఇతరుల తప్పులు నాకు అంత బాగా కనిపిస్తాయి.

లాక్‌డౌన్ పెట్టినప్పుడు నేను ఇంట్లో లేను. హనుమకొండలో కంపెనీవాళ్ళు కొత్తగా వేసిన షెడ్డులో ఆడపిల్లలకు పని నేర్పమని పది రోజులకు పంపారు. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి. బస్సు లేదు, రైలు లేదు. షెడ్డుకు తాళం పడింది. హాస్టల్ ఆవిడ గదులు ఖాళీ చేయమంది. మా ఆయన దవాఖానాలో వార్డు పని చేస్తాడు. ఆయన్ను ఇంటికి పంపకుండా డ్యూటీలోనే ఉంచేశారు. ఐదేళ్ళ మా పాప షారోన్‌ను కింది వాటాలో ఉండే సుజాతక్క చూసుకుంటోంది. ఆమెది కాకినాడ వైపు, బడిలో టీచరు.

ఆ సుజాతక్కే ఫోన్ చేసింది. పాపకు జ్వరం వచ్చిందట. "నువ్వేం కంగారు పడకమ్మా, నేనున్నానుగా. కానీ ఎవరితోనూ అనకు. తెలిస్తే పిల్లని ఎక్కడికి తీసుకుపోతారో ఏంటో" అంది గొంతు తగ్గించి.

ఆ రోజుల్లో జ్వరం అనే మాట ఎలా ఉండేదో మీకు గుర్తుందా? ఆ మాట వింటే కిటికీలు మూసుకునేవాళ్ళు. నాలుగిళ్ళ అవతల ఎవరో దగ్గితే గల్లీ అంతా గుసగుసలు. అలాంటప్పుడు సుజాతక్క ఒకరి బిడ్డను, జ్వరంతో కాలిపోతున్న బిడ్డను, తన పక్కలో పడుకోబెట్టుకుంది. ఆమె రుణం ఏం చేసినా తీరదు.

నేను నడక మొదలుపెట్టాను. హైదరాబాద్ దారి పట్టుకుని, భుజానికి బ్యాగు, చేతిలో నీళ్ళ సీసా. మొదటి రోజు కూలి పనులవాళ్ళు రెండు కుటుంబాలు తోడున్నారు. రెండో రోజు పొద్దున వాళ్ళ ఊరి దారి వచ్చి విడిపోయారు. మధ్యాహ్నానికి చెప్పు తెగింది. జనగామ ఇంకా రాలేదు. అరికాళ్ళు బొబ్బలెక్కి, అడుగు వేస్తే ప్రాణం పోతోంది. వేపచెట్టు కింద కూలబడి ఏడ్చాను. ఇంత దూరం ఎట్లా పోతానే షారోనూ, అని పైకే ఏడ్చాను.

అప్పుడు ఒక ట్రాలీ ఆటో ఆగింది. అద్దం మీద కూరగాయల పాసు అంటించి ఉంది. నడుపుతున్నాయన యాదగిరి, పక్కన ఆయన భార్య సోమక్క. బోడుప్పల్‌లో టమాటాలు దింపి ఖాళీ డబ్బాలతో వచ్చి, నాకు ఎదురుగా వాళ్ళ ఊరికి పోతున్నారు. తెల్లారి మళ్ళీ బోడుప్పల్‌కే లోడు ఉందట. ఆ లోడుతో నన్నూ తీసుకెళ్ళమని బతిమాలాను.

"వద్దమ్మా, మనిషిని ఎక్కిస్తే పాసు గుంజుకుంటరు" అన్నాడాయన. తప్పుగా ఏం అనలేదు. ఉన్న మాటే అన్నాడు.

సోమక్క మాత్రం తల బయట పెట్టి అడిగింది. "ఒక్కదానివే గింత ఎండల ఎందుకు నడుస్తున్నవ్ బిడ్డా? గంత తొందరేముంది?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. నా బిడ్డకు జ్వరం. అలా అంటే ఏమవుతుంది? ఆటో కదిలిపోతుంది. నేను రెండు రోజులు ఎదురుచూసిన ఒకే ఒక్క బండి.

"మూడో నెలక్కా" అన్నాను.

ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట! మూడో నెల కాబట్టి కనిపించదు, ఎవరూ పట్టుకోలేరు. అంత ఆలోచన ఆ క్షణంలోనే చేశానా? చేసే ఉంటాను. నన్ను నేను వెనకేసుకురావడం ఇక చాలు.

సోమక్క ఎగిరి దూకినట్టు దిగింది. "ఓ నీ పాడుగాను, కడుపుతోటి ఉండి గిట్ల నడుస్తరానే పిచ్చిదానా! ఏమయ్యా, జరుగు. పాసు పోతే పోనియ్" అంది. ఆయన జరిగాడు.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో ఆమె నాకు అన్నం, పచ్చిపులుసు, గుడ్డు పెట్టింది. వేణ్ణీళ్ళు కాచి, వద్దంటున్నా వినకుండా నా కాళ్ళు కడిగింది. మనిషిని మనిషి ముట్టుకోని రోజులవి. ఆమె నా పుండ్లను తన చేతులతో తుడిచి పసుపు పెట్టింది. తర్వాత పెట్టెలోంచి ఒక చిన్న బొంత తీసింది. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టిన, పసిపిల్లల బొంత.

"నాకు రెండు పోయినయ్ బిడ్డా. రెండోది ఏడో నెల దాంక ఉండె. దానికని కుట్టిన. ఇగ నాకైతే కాదు. నీ బిడ్డ పండుకుంటది తియ్యి" అంది.

అలవాటు కొద్దీ కుట్లు చూశాను. ఒక్క తప్పు కుట్టు లేదు. బియ్యపు గింజంత కుట్లు, వరస తప్పకుండా ఈ చివర నుంచి ఆ చివరకు. అప్పుడు చెప్పవలసింది. కానీ ఆటో ఇంకా కదలలేదు కదా. తెల్లారితే గాని కదలదు. అందుకని బొంత తీసుకున్నాను.

పొద్దున నా నుదుటిన బొట్టు పెట్టి, చున్నీలో బియ్యం పోసి మూట కట్టింది, కడుపుతో ఉన్న ఆడబిడ్డను పంపినట్టే. మేం బొట్టు పెట్టుకోం. అయినా తల వంచాను. ఘట్‌కేసర్ దగ్గర పోలీసులు ఆపితే సోమక్కే దిగి, "మా చెల్లె సారూ, కడుపుతోటున్నది, జర పోనియ్యిన్రి" అని దండం పెట్టింది. నా అబద్ధం ఆమె నోట కూడా పలికించాను. నా నంబరు తీసుకుని బోడుప్పల్‌లో దింపారు. అక్కడినుంచి ఉప్పల్ రింగ్ రోడ్ మీదుగా నాచారం నడిచాను. అంత పెద్ద చౌరస్తాలో మూడు కుక్కలు, నేను.

ఇంటికి చేరేసరికి షారోన్ జ్వరం తగ్గి మెట్ల మీద ఆడుకుంటోంది. "అమ్మా, నీ నొసలు మీద ఏంది?" అని అడిగింది. దాన్ని పట్టుకుని ఎంత ఏడ్చానో! సోమక్క పోసిన బియ్యమే ఆ పూట వండాను. సుజాతక్కా, షారోనూ, నేనూ తిన్నాం. అంత రుచైన అన్నం మళ్ళీ తినలేదు. ప్రతి ముద్దకూ దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ కృతజ్ఞత అబద్ధం కాదు. అదొక్కటైనా నమ్మండి.

వారానికి సోమక్క ఫోన్ చేసింది. "కడుపుల బిడ్డ మంచిగున్నదా?" అంది. నిలవలేదని ఒక్క మాటంటే అయిపోయేది. కానీ రెండు పోగొట్టుకున్న మనిషికి మూడోది ఎలా పోగొట్టను? పోలేదన్నాను. అలా పోకుండా, పోకుండా, నెలలు నిండి ఆ బిడ్డ పుట్టింది. పేరు అడిగితే కృప అన్నాను. ఫొటో అడిగినప్పుడల్లా షారోన్ పసినాటి ఫొటో ఒకటి పంపాను. ఏటేటా సోమక్క పంపిన గౌను కూరగాయల డబ్బాల మధ్య బోడుప్పల్ వచ్చేది. యాదగిరన్న చేతిలోంచి తీసుకుని, పాప నిద్రపోతోందన్నా, బడికి పోయిందన్నా, అని ఏదో ఒకటి చెప్పి వచ్చేసేదాన్ని. ఆ గౌన్లు క్రిస్మస్‌కు చర్చి పిల్లలకు ఇచ్చేశాను. నన్నెంత మంచిదాన్నని మెచ్చుకున్నారో అక్కడ!

మొన్న సోమక్క మళ్ళీ ఫోన్ చేసింది. "కృపకు పట్టీలు చేపిచ్చిన. ఐతారం నేనే వస్తున్న. నా చేత్తోని పెడ్త" అంది. షారోన్‌ను చూపించలేను, దానికి పదకొండేళ్ళు. పక్కింటి పిల్లను ఒక గంట అడిగి తెచ్చుకుందామా అనిపించింది. అవును, ఆ ఆలోచన కూడా వచ్చింది. రాగానే నా మీద నాకే అసహ్యం వేసింది.

నిన్న మధ్యాహ్నం ఫోన్ చేశాను.

"అక్కా, కృప లేదు" అన్నాను.

"అయ్యో! ఏమైందే నా బిడ్డకు?" అని అరిచింది.

ఎంత చెత్తగా మొదలుపెట్టానో అప్పుడు తెలిసింది. ఏం కాలేదక్కా, అసలు ఎప్పుడూ లేదు, అని మొత్తం చెప్పాను. షారోన్ జ్వరం, మూడో నెల, ఫొటోలు, గౌన్లు. ఏదీ దాచలేదు. అవతల వాళ్ళ వాకిట్లో కోళ్ళు అరవడం వినిపిస్తోంది.

"నీ పిల్లకు జొరమని అప్పుడే చెప్పకపోతివి" అంది చివరికి.

"చెప్తే ఎక్కించుకునేదానివా అక్కా?"

ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "ఏమోనే. గా దినాలల్ల... ఎక్కించుకోకపోతుంటి కావచ్చు" అంది. మళ్ళీ కాసేపటికి, "గా బొంత ఉన్నదా?" అని అడిగింది.

"ఉందక్కా."

"మంచిది" అని పెట్టేసింది.

ఆదివారం వస్తుందో రాదో చెప్పలేదు. అడిగే హక్కు నాకు లేదు. క్షమించావా అని కూడా అడగలేదు. ఆరేళ్ళు అబద్ధాన్ని మోయించింది చాలక, ఆ మాట కూడా ఆమె చేతే అనిపించుకోవాలా? కానీ రాత్రి మాత్రం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

పొద్దున బీరువా అడుగు నుంచి బొంత తీసి, డాబా మీద ఎండలో వేశాను. వెనకే వచ్చిన షారోన్ అది ఎవరిదని అడిగింది.

"నన్ను నీ దగ్గరికి చేర్చినామెది" అన్నాను.

ఆ బొంత గురించి ఇంట్లో నేను చెప్పిన మొదటి నిజం అది.