బావగారు బిగించిన ఫ్యాను

ఉక్కు ప్లాంటు పక్కన ఖుర్సీపార్‌ బస్తీలో మా కుట్టు షెడ్డుకు కరెంటు లేదు. పైన రేకులు, లోపల కాలితో తొక్కే మిషన్లు రెండు. ఒకటి నాది. రెండోది, నాతో చోటు పంచుకుని బ్లౌజులు కుట్టుకునే ఒక అమ్మాయిది. బొబ్బిలి వైపు వాళ్ల పిల్ల, నాకంటే బాగా చిన్నది. నన్ను అక్కా అంటుంది.

మా ఆయన ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో మిక్సీ పాడైతే పదిసార్లు చెప్పించుకుంటాడు. అలాంటి మనిషి, మే నెలలో ఒక పొద్దున నేను షెడ్డుకు వెళ్లేసరికి, స్టూలెక్కి ఆ అమ్మాయి మిషను పక్కన ఛార్జింగ్ ఫ్యాను బిగిస్తున్నాడు. దానికి ఛార్జింగ్ పెట్టడానికి రేకుల మీద చిన్న సోలార్ పలక కూడా అమర్చాడు. అన్నీ పవర్ హౌస్ బజారుకు వెళ్లి తనే ఏరి తెచ్చాడట.

"బావగారూ, కొంచెం ఇటు వంచండి" అంటోంది ఆ పిల్ల కింద నిలబడి.

నిన్నటిదాకా అంకుల్. నేను అక్కనైతే ఆయన బావే అవుతాడు, కాదనను. అయినా ఆ మాట వినగానే నా ఒళ్లు మండింది.

ఇక కొలతలిచ్చేవాళ్లంతా ఆ గాలి దగ్గరికే చేరారు. ఎన్నో ఏళ్లుగా నా దగ్గరే కుట్టించుకునే హిందీ దీదీ ఒకావిడ కూడా నాకు గుడ్డ ఇచ్చేసి, "బహుత్ గర్మీ హై" అంటూ ఉక్క భరించలేక వెళ్లి అటే కూర్చుంది. నా నుదుటి చెమట తెల్ల లైనింగు మీద పడి మరకైంది.

"అక్కా, నీ వేపు తిప్పీనా?" అంది ఆ పిల్ల.

"వద్దు. గాలి తగిల్తే నాకు తలనొప్పి."

మొహమాటమనుకుని నా వైపు తిప్పేసింది. నేను స్టూలు లాక్కుని గాలి అందని మూలకు జరిగాను.

రాత్రి కంచం కాస్త గట్టిగానే పెట్టాను.

"ఏటయింది?" అన్నాడు ఆయన.

"ఏటీ లేదు. నాకు ఫ్యాను తెచ్చీవోలు ఎవరున్నారు?"

ఆయన తెల్లబోయాడు. "గుడ్డ కత్తిరించినప్పుడు ఇంట్లో ఫ్యానే ఆపీమంటావు కదే! ఆ పిల్ల అడిగింది, బిగించీసినాను. నువ్వు అడగనేదు."

నిజమే, అడగలేదు. అందుకే ఇంకా కోపమొచ్చింది.

మర్నాడు నాకూ ఒకటి తెచ్చాడు, బల్లకు తగిలించే చిన్న ఛార్జింగ్ ఫ్యాను. వేయగానే గుడ్డ లేచిపోయింది, సుద్దతో గీసిన గీత తప్పింది. నాలుగు మూలలా బరువులు పెట్టుకున్నాను గానీ ఫ్యాను మాత్రం ఆపలేదు.

"నీదే బాగుందక్కా, సప్పుడే నేదు" అంది ఆ పిల్ల మనస్ఫూర్తిగా.

నా మనసు కాస్త చల్లబడింది. కానీ సాయంత్రం మా ఆయన వచ్చి, ముందు ఆ పిల్ల ఫ్యాను వైరు సరిచూడబోయాడు.

"నాది సూడండి ముందు" అన్నాను, ఆ పిల్లకు వినపడేటట్టు.

ఆయన నవ్వుతూ ఇటు వచ్చాడు.