వీధిపోటు ఇల్లు

మా అమ్మమ్మ విద్యావతి పుట్టకపోయి ఉంటే, చిక్కడపల్లి నుంచి నారాయణగూడకు వెళ్లాలనుకున్నవాళ్లు విజయవాడ మీదుగా చుట్టు తిరిగి రావాల్సి వచ్చేది. నేను ఇంటర్ రెండుసార్లు తప్పినప్పటి నుంచీ అశోక్‌నగర్‌లో అందరికీ ఈ మాటే చెబుతున్నాను. నిజానికి ఆమె ఆర్కిటెక్టు. ముప్పై ఏళ్లు ఆఫీసులో పట్నానికి ప్లాన్లు గీసి, రిటైరయ్యాక కూడా పెన్సిల్ వదలలేదు.

1994లో, లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర గుడిసెల్లో ఉంటున్న ఇరవై నాలుగు పాలమూరు కుటుంబాలకు ఇళ్లు గీసే పని ఆమెకు వచ్చింది. వానలు మొదలయ్యేలోపు అందరూ ఒప్పుకుని వేలిముద్రలు వేయకపోతే స్థలం చేజారుతుంది.

అమ్మమ్మ కాగితం చూపించి ఊరుకునే రకం కాదు. ఇళ్లన్నిటినీ నేల మీద సున్నంతో అసలు కొలతల్లో గీయించి, లోపల మంచం వేసుకుని చూడమనేది. మంచం పట్టకపోతే గీత చెరిపి జరిపేది. అలా సందుకు అటూ ఇటూ రెండు వరసల్లో ఇరవై మూడు ఇళ్లు కుదిరాయి. సందు చివర, సందుకు ఎదురుగా ఉన్న ఇరవై నాలుగోది అన్నిటికన్నా పెద్దది. గాలి బాగా వస్తుందని దాన్ని మేస్త్రీ మాసయ్యకు, అతని భార్య ఆశమ్మకు ఇచ్చింది. ఇద్దరూ గీత దాటి లోపల అడుగు పెట్టలేదు.

"ఏందమ్మా, గింత సదువుకొని మాకు వీధిపోటు ఇల్లు ఇస్తవా?" అంది ఆశమ్మ.

దారి నేరుగా వచ్చి తగిలే ఇంట్లో ఎవరూ కాపురం ఉండరు. ఇంటర్ తప్పిన నాకు కూడా తెలిసిన సంగతి ఇది. ఆశమ్మ కాదనేసరికి మిగిలినవాళ్లు కూడా వేలిముద్ర వేసేది లేదన్నారు.

అమ్మమ్మ ఆ గీతల మధ్యే కూలబడింది. "మరి ఈడ ఏం పెట్టాలె? నువ్వే చెప్పరాదు, ఆశమ్మా."

"కాపురం వద్దు గానీ, పొద్దంతా పిల్లలుంటే ఏమైతది? మేం పనికి పోతే పసిపోరగాళ్లను ఇసుక కుప్పల మీద పండవెడ్తున్నం. ఈడ ఒక ముసలామెను పెట్టి చూసుకుంటం."

"మరి మీ ఇల్లు?"

"జర జరగమంటే జరగరా?"

ఒక వరసలోని పదకొండు ఇళ్లవాళ్లూ తలా ఒక అడుగు వదిలారు. ఆ వరసలోనే మాసయ్యవాళ్లకు పన్నెండో ఇల్లు పుట్టింది. మొదటి వేలిముద్ర ఆశమ్మదే.

ఇప్పటికీ ఆశమ్మ ఊరికి పోయి వచ్చినప్పుడల్లా సీతాఫలాలు తెస్తుంది. అమ్మమ్మ వాటిని రెండు చేతులతో అందుకుంటుంది. ఆ వీధిపోటు ఇంట్లో పిల్లలకు అక్షరాలు దిద్దించేది నేనే. రెండుసార్లు తప్పినదానికి ఇంత మంచి కొలువు ఇంకెవరు గీసిపెడతారు?

ఇదంతా చదివి వినిపిస్తే అమ్మమ్మ కళ్లజోడు తీసింది.

"విజయవాడ ముచ్చట కొట్టెయ్. నేను గీసింది తప్పు. దిద్దింది ఆశమ్మ. గట్లనే రాయి."