నక్షత్రం లేని ప్రశ్న

నారాయణగూడలో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాక నాకు దొరికిన పని ప్రశ్నలు రాయడం. పరీక్షలకు కాదు, శాసనసభకు. నా పాత విద్యార్థి ఒకాయన పాలమూరు వైపు నుంచి ఎమ్మెల్యే అయ్యాడు. ఒకప్పుడు నేను ప్రశ్నలడిగితే ఆయన జవాబు చెప్పేవాడు కాదు. ఇప్పుడు ఆయన ప్రశ్నలడిగితే ప్రభుత్వం జవాబు చెప్పదు. అప్పుడూ ఇప్పుడూ జవాబు కోసం నోరు తెరుచుకుని కూర్చున్నవాణ్ణి నేనే. చిక్కడపల్లిలో కాపురం పెట్టిన నాడే నాకు ఏదీ అంత తేలిగ్గా చిక్కదని తెలుసుకోవలసింది.

సమావేశాలు దగ్గర పడగానే ఫోను వస్తుంది. సభ పెడుతున్నారు సార్, జర నాలుగు ప్రశ్నలు రాసిపెట్టున్రి అంటాడు, నాలుగు నిమ్మకాయలు తెమ్మన్నంత సులువుగా. ఆయన ఏ పక్షమో చెప్పను. అధికార పక్షంలోనూ కూర్చున్నాడు, ప్రతిపక్షంలోనూ కూర్చున్నాడు. కుర్చీ మారింది గాని నేను రాసే ప్రశ్నలు మారలేదు, ఎందుకంటే వచ్చే జవాబులు మారలేదు.

ఆ ప్రశ్నల్లో రెండు రకాలు. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబును పట్టుకుని అడిగిన సభ్యుడు అనుబంధ ప్రశ్న వేయవచ్చు. ఇదంతా టీవీలో వస్తుంది. నక్షత్రం లేని ప్రశ్నకు జవాబు కాగితం మీద వస్తుంది. ఎవరూ లేవరు, ఎవరూ మాట్లాడరు, ఎవరూ చూడరు. నా శిష్యుడికి ఈ రెండో రకం గిట్టదు. జాతకంలో నక్షత్రం లేకపోతే పెళ్ళి కానట్టు, ప్రశ్నకు నక్షత్రం లేకపోతే ఎన్నికల్లో గెలుపు ఉండదని ఆయన నమ్మకం.

నాకూ ఒక నమ్మకం ఉండేది. ప్రశ్నకు ‘లేదండి’ అని జవాబు వస్తే రాసినవాడికి పరువు తక్కువని. అందుకని ‘ఇస్తారా’ అని రాయను, ‘ఇచ్చే విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా’ అని రాస్తాను. పరిశీలనలో లేదని ఏ మంత్రీ అనడు. ఆకాశంలో మేఘాల లాగా ఈ రాష్ట్రంలో అన్ని విషయాలూ పరిశీలనలోనే ఉంటాయి, కురవడమే మిగిలింది. ఇన్నేళ్ళలో నా ప్రశ్న మీద ఒక్క ‘లేదండి’ పడలేదని కొంచెం మీసం తిప్పేవాణ్ణి, మీసం లేకపోయినా.

ఈ మీసానికి కత్తెర పెట్టింది మా మీది గదిలో కిరాయికి ఉండే అమ్మాయి. ఆమె తల్లిదండ్రులు పాలమూరు నుంచి వచ్చి లోయర్ ట్యాంక్ బండ్ కింద బస్తీలో ఉంటారు. ఇళ్ళు కట్టే పనికి పోతారు. బస్తీలో ఒక్క గదిలో చదువు సాగదని, లైబ్రరీకి దగ్గరని ఆమె మా ఇంట్లో దిగింది. లైబ్రరీ సైన్సు చదివింది. సర్కారు కాలేజీల్లో లైబ్రేరియన్ పోస్టుల ప్రకటన ఇవాళో రేపో అంటుంటే ఏళ్ళుగా చదువుతోంది. పొద్దున లైబ్రరీ తలుపు తెరవకముందే వెళ్ళి గేటు ముందు సంచీ పెట్టి వరుసలో చోటు పట్టుకునేది. సర్కారు కొలువుల పరీక్షలకు చదివేవాళ్ళతో నిండిన అశోక్ నగర్ మొత్తం ఇలాంటి సంచులే. మనుషులు టీ తాగుతుంటారు, సంచులు వరుసలో నిలబడి ఉంటాయి.

ఈ ఏడాది జూలై దాటితే ఆమెకు వయసు దాటిపోతుంది. ఆ తర్వాత ప్రకటన వచ్చినా ఆమెకు కాదు. ఇంతలో హిమాయత్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు తమ లైబ్రరీ చూసుకోమని పిలిచారు. చేరితే ఏడాది మధ్యలో మానకూడదన్నారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పని, ఇక పరీక్షకు చదివేది ఉండదు. చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. నెలాఖరులోగా చెప్పమన్నారు.

శాసనసభ ప్రశ్నలు నేనే రాస్తానని మా ఆవిడ ఎప్పుడో గొప్పగా చెప్పినట్టుంది. నా ముందు తిడుతుంది, వెనక పొగుడుతుంది. ఆ అమ్మాయి ఒకరోజు కిందికి దిగి వచ్చింది.

“అంకుల్, నాకు ఉద్యోగం ఇయ్యమని అడుగుతలేను. జూలై లోపల నోటిఫికేషన్ వేస్తరా, వెయ్యరా? గదొక్కటి చెప్పమనున్రి.”

ప్రశ్న కూడా తనే రాసుకొచ్చింది, ఒకే ఒక్క వాక్యం. నేను దాన్ని చేతిలోకి తీసుకుని జాలిగా నవ్వాను. ఇంత సూటిగా అడిగితే ఎట్లమ్మా, ప్రశ్నంటే రాష్ట్రమంతటికీ పట్టే విధానం గురించి ఉండాలి, అప్పుడే నక్షత్రం పడుతుంది అని చెప్పి ఎర్ర పెన్ను తీశాను. తీసి పెట్టేలోపు అది ఇలా తయారైంది: ‘రాష్ట్రంలోని విద్యాసంస్థలలో ఖాళీగా ఉన్న గ్రంథపాలకుల పోస్టులను దశలవారీగా భర్తీ చేసే విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా? ఉన్నట్లయితే తీసుకుంటున్న చర్యలేవి?’

“జూలై ఏది అంకుల్?” అని అడిగింది.

జూలై అనుబంధ ప్రశ్నలో వస్తుందన్నాను. ఆమెకు నేను వివరించే పని లేదు. అశోక్ నగర్‌లో టీ గ్లాసు పట్టుకున్న ఎవరినడిగినా నక్షత్రం ప్రశ్నేమిటో, అనుబంధ ప్రశ్నేమిటో, ఏ నిబంధనో కూడా చెబుతారు. అవన్నీ పరీక్షలో వస్తాయి. వాటితో నిజంగా పని పడ్డది మాత్రం ఈమె ఒక్కదానికే.

నక్షత్రం పడింది. సభలో మా ప్రశ్న వచ్చే రోజుకు ముందు సాయంత్రం ఎమ్మెల్యే మా ఇంటికే వచ్చాడు, రిహార్సల్ కోసం. సోఫాలో మా ఆవిడ స్పీకరు, పూజ గదిలోని గంట ఆమె చేతిలో. ఫ్రిజ్జు మంత్రి. ఎవరు ఏమడిగినా చల్లగా ఉంటుందని దాన్ని ఎంచాను. ఆయన లేచి, ‘అధ్యక్షా, ముందుగా తమరికి, తమరి ద్వారా గౌరవ మంత్రిగారికి’ అని మొదలుపెట్టగానే గంట మోగింది. మళ్ళీ లేచాడు. ‘అధ్యక్షా, వెనుకబడిన మా ప్రాంతం’ అన్నాడు. గంట. పొద్దుపోయేసరికి ఎలాగో దారికి వచ్చి, జూలైలోగా ప్రకటన ఇస్తారా లేదా అని ఒక్క ఊపిరిలో అనేశాడు. మెట్ల మీద కూర్చుని వింటున్న అమ్మాయి ముఖం విప్పారింది. కాలేజీలో ఆయన చేత ఒక్క పద్యం అప్పజెప్పించలేకపోయిన నాకు ఆ రాత్రి బాగా నిద్ర పట్టింది.

మర్నాడు టీవీ ముందు ముగ్గురం కూర్చున్నాం. ముందున్న ప్రశ్నలు చెరువుల మీద, రోడ్ల మీద సాగుతూనే ఉన్నాయి. ప్రతి సభ్యుడూ ధన్యవాదాలతో మొదలుపెట్టి విజ్ఞప్తితో ముగిస్తున్నాడు, ప్రశ్న ఎక్కడుందో వెతుక్కోవడం మన పని. దీన్ని ప్రశ్నోత్తరాల సమయం అంటారు. ప్రశ్న దక్షిణానికి పోతుంది, ఉత్తరం ఉత్తరానికి పోతుంది, సమయం మాత్రం నిజంగానే పోతుంది. చివరికి మా వంతు వచ్చింది. మంత్రి లేచి, “అవునండి. పరిశీలనలో ఉంది,” అన్నాడు. నేను చంకలు గుద్దుకున్నంత పని చేశాను. ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. ఎమ్మెల్యే లేవడం కోసం చూస్తోంది.

ఆయన లేచాడు. అధ్యక్షా అన్నాడు. ధన్యవాదాలు చెప్పాడు. గంట కొట్టేవాళ్ళు లేరు, ఉన్న గంట మా ఆవిడ ఒళ్ళో ఉంది. గ్రంథాలయాల గురించి మాట వచ్చింది కనుక అంటూ తన మండలంలో పైకప్పు కురిసే లైబ్రరీ దగ్గరికి వెళ్ళాడు. అక్కడి నుంచి పక్క ఊరికి, ఆ పక్క ఊరికి. ఒక్కొక్క ఊరి పేరూ చదివి ఒక్కొక్క భవనం అడిగాడు. అనుబంధ ప్రశ్న అడగమంటే అనుబంధాలన్నీ వరుసగా బయటపెట్టాడు. అప్పుడు మోగింది అసలు గంట. సభ్యులు చెప్పిన భవనాల విషయం పరిశీలిస్తామని మంత్రి కూర్చున్నాడు. స్పీకరు తర్వాతి ప్రశ్నను పిలిచాడు.

మా ఆవిడ టీవీ కట్టేసి, “మీ శిష్యుడే,” అంది. ఒళ్ళోని గంట తీసుకెళ్ళి పూజ గదిలో పెట్టేసింది.

“పరిశీలనలో ఉందంటే నేను పోవాల్నా, ఉండాల్నా అంకుల్?” అని అడిగింది అమ్మాయి. ముప్పై ఏళ్ళు వ్యాకరణం చెప్పినవాణ్ణి, ఆ ఒక్క మాటకు అర్థం చెప్పలేకపోయాను.

మధ్యాహ్నం ఎమ్మెల్యే ఫోను చేశాడు, పెళ్ళిలో భోజనం చేసినంత తృప్తిగా. వీడియో ముక్క అప్పటికే ఊళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోందట. జూలై ఏమైందని అడిగాను. ఎంత గట్టిగా అడిగానంటే వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసింది.

“మర్చిపోలేదు సార్. జూలై కాడికే వస్తున్న, గంట కొట్టిన్రు. మా ఊరోళ్ళు టీవీ ముంగట కూసున్నరు. వాళ్ళ ఊరి పేరు సభల ఇనవడకపోతే నన్ను ఊర్లకు రానిస్తరా? మీరే చెప్పున్రి.”

చిరాకేమిటంటే, ఆయన అబద్ధం ఆడడం లేదు. ఆ ఊళ్ళవాళ్ళు నిజంగానే తమ పేరు కోసం కూర్చున్నారు. మంత్రి కూడా అబద్ధం ఆడలేదు. నేను రాసిన ప్రశ్నకు సరిగ్గా నేను కోరుకున్న జవాబే ఇచ్చాడు. అందరూ ఎవరి పని వాళ్ళు చక్కగా చేశారు. ఆ రాత్రి మీది గదిలో దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

పొద్దున్నే ఆమె దిగి వచ్చింది, తను మొదట రాసిన అదే వాక్యం పట్టుకుని. ఈసారి నక్షత్రం వద్దంది. ఎవరూ లేవనక్కర్లేదు, ఎవరూ మాట్లాడనక్కర్లేదు, జవాబు కాగితం మీద వస్తే చాలంది. ఇలా అడిగితే లేదండి అనేస్తారమ్మా అని భయపెట్టాను.

“అననియ్యున్రి అంకుల్. లేదంటే పోయి బడిల చేరుత. ఉందంటే కూసొని చదువుత. ఈ పరిశీలనల పడి నేనే నడుమ ఉన్న.”

ఎర్ర పెన్ను జేబులోంచి తీయలేదు. హిమాయత్‌నగర్ అవతల ఎమ్మెల్యే క్వార్టరుకు నడిచి వెళ్ళాను, నా కోపం నడిస్తే గాని తగ్గదు. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. నక్షత్రం లేకుంటే ఎవరు చూస్తారు సార్ అన్నాడు. ఒకరు చూస్తారన్నాను. మీ ఇంటి మీది అమ్మాయేనా అని నవ్వి సంతకం పెట్టాడు. మెట్ల మీద కూర్చున్న ఆమె ఆయనకూ గుర్తుంది. గుర్తుండి కూడా ఊళ్ళ పేర్లు చదివాడు. సభ లోపల మనిషి వేరు, బయట మనిషి వేరు కాబోలు.

జవాబు రావడానికి వాళ్ళ వేళ వాళ్ళకు ఉంటుంది. నెలాఖరు ముంచుకొచ్చింది. ఆమె స్కూలుకు వెళ్ళి ఇంకొన్నాళ్ళు గడువు అడిగి వచ్చింది. సోమవారం దాకా ఆగుతాం, ఆ తర్వాత ఆగం అన్నారట. ఎంత హాయిగా ఉంది ఆ మాట. ఒక ప్రైవేటు స్కూలు గుమస్తాకు ఉన్నపాటి స్పష్టత ఇంత పెద్ద సభకు ఎందుకు లేదని ఆ వారమంతా మా ఆవిడ దగ్గర సణిగాను. ఆమె నా చేతికి చిక్కుడుకాయలు ఇచ్చి ఈనెలు తీయమంది.

సమావేశాల చివరి రోజు ఎమ్మెల్యే ఫోను చేశాడు. గొంతులో ఎవరో అవమానించినట్టు ఉంది.

“లేదనిపిచ్చిన్రు సార్. నా పేరు కింద ‘లేదండి’ అని అచ్చు వడ్డది.”

నిజమే. ఫోనుకు ఫొటో పంపాడు, ఆమె వాక్యాన్ని సభ ఆఫీసు తన భాషలోకి మార్చి ఒక తోక కూడా తగిలించింది. ఈ ఏడాది జూలైలోగా గ్రంథపాలకుల పోస్టులకు ప్రకటన జారీ చేసే ప్రతిపాదన ఏదైనా ఉన్నదా? లేదండి. ఉన్నట్లయితే, ఎప్పటిలోగా? ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. ఇన్నేళ్ళ నా చరిత్రలో మొదటి ‘లేదండి’. దాన్ని ఎలా చెప్పాలో తెలియక మెట్ల మీద ఒకసారి ఆగాను, మోకాళ్ళ మీద నెపం పెట్టి.

ఆమె చదివింది. ఫోను నాకు తిరిగి ఇచ్చి, “గిదే కద అంకుల్ అడిగింది,” అంది. గోడకు ఆనించిన పుస్తకాల దొంతర వైపు చూసి, పక్కకు తిరిగి కిటికీ తలుపు వేసింది, గాలేమీ లేకపోయినా. నేను కిందికి వచ్చేశాను. ఓదార్చే మాటలు కొన్ని సిద్ధం చేసుకున్నాను గాని అవన్నీ పరిశీలన జాతివే.

సాయంత్రం ఆ అమ్మాయి కిందికి వచ్చి మా ఆవిడను ఇస్త్రీ పెట్టె అడిగింది.

సోమవారం పొద్దున లైబ్రరీ వరుసలో ఆమె సంచీ లేదు. అది ఆమె భుజాన ఉంది. ఉద్యోగం చేసేవాళ్ళు స్కూలుకు దగ్గరగా గది చూసుకుంటారని మా ఆవిడకు రాత్రి నుంచీ అనుమానం. గది ఖాళీ అవుతుందా అని నన్ను అడిగితే, చూద్దాం, కనుక్కుంటాను, సందర్భం చూసి అడుగుతాను అన్నాను. ఆమె నన్ను ఒక చూపు చూసి, గుమ్మంలోకి వచ్చి గేటు దగ్గర ఉన్న అమ్మాయిని గట్టిగా పిలిచింది.

“బిడ్డా, గదిల ఉంటవా, పోతవా?”

“ఉంట ఆంటీ,” అంది ఆమె గేటు గడియ తీస్తూ.

మా ఇంటికి చేరిన సూటి జవాబుల్లో ఆ ‘లేదండి’ మొదటిదైతే, ఇది రెండోది.