ఎనభై కిలోమీటర్ల లెక్క

పదకొండేళ్లు పరాయి బండ్లు తోలాక గోవర్ధన్ సొంతంగా సామాన్లు మోసే చిన్న ట్రాలీ బండి ఒకటి కొనుక్కోబోయాడు. పెట్రోల్‌దా, డీజిల్‌దా అన్నదే తేలలేదు. చిక్కడపల్లి అడ్డా మీద చాయ్ తాగుతూ, అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న అనుదీప్‌ను లెక్క కట్టమన్నాడు.

"రోజుకెంత తిప్పుతవన్నా?"

చుట్టూ తోటి డ్రైవర్లున్నారు. "ఎనభై" అన్నాడు గోవర్ధన్.

ఎనభై ఎక్కడిది? వాడి పనంతా హాస్టల్ పిల్లల సామాన్లే. ఒక పరుపు, ఒక ట్రంకు పెట్టె, నాలుగు అట్టపెట్టెల పుస్తకాలు. అశోక్‌నగర్ నుంచి దోమలగూడ, మహా అయితే ముషీరాబాద్. పద్దెనిమిది కిలోమీటర్లు దాటిన రోజు పండగే. కానీ అడ్డా మీద ఆ మాట ఎవడంటాడు? తక్కువ తిరిగాడంటే గిరాకీ లేనివాడని అర్థం.

అనుదీప్ పాత ప్రశ్నపత్రం వెనక లెక్క వేశాడు. పెట్రోల్ బండి లీటరుకు పదిహేను, డీజిల్ ఇరవై. పైగా డీజిల్ ధరే తక్కువ. కిలోమీటరుకు రెండు రూపాయల పైనే మిగులు. డీజిల్ బండి మీద ఎక్కువ పెట్టే లక్షన్నర రెండున్నరేళ్లలో తిరిగొస్తుంది. లెక్కలో తప్పేం లేదు. ఆ పిల్లవాడికి లెక్కల్లో మార్కులు ఎప్పుడూ పోవు, ఉద్యోగమే రాదు.

డీజిల్ బండి వచ్చింది. ఆర్నెల్లకే స్టీరింగ్ ముందు పసుపు లైటు వెలిగింది.

"పొగ ఫిల్టర్ల మసి పేరుకుంది" అన్నాడు మెకానిక్. "గల్లీలల్ల తిప్పితే గింతే. హైవే మీద అరగంట ఆపకుంట కొట్టు, ఆ మసి కాలిపోతది."

అప్పట్నుంచి నెలకు రెండుసార్లు ఖాళీ బండిని ఔటర్ రింగ్ రోడ్డు దాకా తోలుకెళ్లడమే. ఆదా అయిన కాస్త డీజిలూ అక్కడే తగలబడేది.

"ఎవరి సామానేసుకపోతున్నవ్?" అని భార్య స్వరూప అడిగితే, "మసి" అన్నాడు.

మూడేళ్లు గడిచాయి. మొన్న అనుదీప్ గది ఖాళీ చేశాడు. ఊరు అచ్చంపేట అవతల. పరుపు, ట్రంకు, అట్టపెట్టెలు ఎక్కించారు.

"మల్లెప్పుడొస్తవ్ తమ్మీ?"

"రానన్నా."

హైవే మీద కడ్తాల్ దాటాక పసుపు లైటు ఆరిపోయింది. బండి కొత్తదానిలా పోతోంది.

"ఆరింది చూడు. మల్ల వెలగకముందే అమ్మెయ్ అన్నా" అన్నాడు అనుదీప్.

"ఆ రోజు ఎనభై అన్న గద. అబద్ధం తమ్మీ."

అనుదీప్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. "నేను గూడ ఇంట్ల ఈసారి జాబ్ పక్కా అనే చెప్పిన. నాలుగేండ్ల సంది."



మర్నాడే బేరం కుదిరింది. కొనడానికి వచ్చినవాడు సంతోష్, దోమలగూడలో ఇంటింటికీ నీళ్ల క్యాన్లు వేస్తాడు. వెంట ఇద్దరు దోస్తులు. పసుపు లైటు ఇంకా వెలగలేదు. గోవర్ధన్ ఉండబట్టలేక అడిగాడు.

"రోజుకెంత తిరుగుతవ్?"

సంతోష్ దోస్తుల వైపు ఓసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఎనభై దాంక అయితదన్నా."

గోవర్ధన్ నోరు తెరిచాడు. రేపట్నుంచి మళ్లీ ఎవడి బండో తోలాలి. ఇంకో బేరం వచ్చేదాకా ఆ లైటు వెలగకుండా ఆగదు.

"అయితే డీజిలే మంచిది" అని తాళం చెవి చేతిలో పెట్టాడు.