చిన్నమ్మ కోసం రాసిన దరఖాస్తులు

ఆ రోజుల్లో ఇంటిపనికి మనిషి కావాలంటే ఆ మనిషే వచ్చి వాకిట్లో నిలబడేది. చేతులు చూసి, నాలుగు మాటలు విని, "రేపటి నుంచి రా" అనేవారు. మనిషి కంటే ముందు ఒక కాగితం పోవాలని, కాగితం బాగుంటే మనిషి ఎలా ఉన్నా ఫరవాలేదని నమ్మినవాణ్ణి మా ఊరు బోథ్‌లో బహుశా నేనొక్కడినే. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. తాలూకా కచేరి గోడ నీడన చాప పరుచుకొని అర్జీలు రాసే ఒక పెద్దాయన దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఊరంతా ఆయన్ని కలం తాత అనేది. నిజాం కాలమంతా ఉర్దూలో రాసిన చెయ్యి అది. కొత్త రాష్ట్రం ఏర్పడ్డాక తెలుగు అర్జీలు ఎక్కువై నన్ను పెట్టుకున్నాడు. ఆయన నాకు నేర్పిన విద్యంతా ఒక్క మాటలో ఉంది: "అర్జీ సదువుతుంటె సాబు కండ్లల్ల నీళ్లు తిరగాలె. తిరగలేదా, నువ్వు కాయితం ఖరాబు చేసినట్టే." ఆ విద్యలో నేను తొందరగానే ఆరితేరాను. పంట పోయిందని వచ్చిన రైతు అర్జీలో అతని ఎద్దును కూడా చంపేసేవాణ్ణి (ఆ ఎద్దు మా ఎదురుగానే గడ్డి మేస్తూ ఉన్నా సరే). అంత చేయి తిరిగిన నేను మా ఇంటి మనిషికి ఒక్క కాగితం సరిగ్గా రాయలేకపోయాను. ఆ సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

మా అవ్వకు, అంటే అమ్మకు, ఒక చెల్లెలుండేది, నాకు చిన్నమ్మ. కరీంనగర్ వైపు నేతపనివాళ్ళ ఇంటికి ఇచ్చారు. మగ్గం మీద కూర్చునే భర్త పోయి రెండేళ్ళయింది. పిల్లలు లేరు. బావగారి, అంటే భర్త అన్నగారి, ఇంట్లో పదకొండు మందికి వండిపెట్టడం, మిగిలిన పొద్దంతా కండెలు చుట్టడం, ఇదీ ఆమె బతుకు. ఆ యేడు బతుకమ్మకని మా ఇంటికి వచ్చి, పండుగ దగ్గర పడుతుండగా పొయ్యి దగ్గర కూర్చుని మా అవ్వతో అన్నది: "అక్కా, నేను మల్ల ఆడికి పోను. దసరా ఎల్లినంక బండి కట్టుకొని వస్తనని బావ కబురు పంపిండు. గా లోపట నాకొక పని, పండుకోను ఒక అర్ర దొరికిందనుకో, ఆయన ఒట్టి బండి తోలుకొని పోతడు." మాదేమో ఒంటి అర్ర ఇల్లు. అందులో బాపు, అవ్వ, చెల్లెలు, నేను, మధ్యలో బియ్యం గాబు. అందుకని అవ్వ నా వైపు తిరిగింది. "ఊరందరికి రాస్తవు గదరా, మీ చిన్నమ్మకు ఒక కాయితం రాయలేవా?"

రాయలేకేమి! ఊళ్ళో పత్తి వ్యాపారం చేసే ఒక సేఠు ఇంట్లో వంటమనిషి మానేసిందని, వెనక అర్ర ఖాళీగా ఉందని తెలిసింది. ఆ సాయంత్రమే రెండు పుటలు నింపాను. 'దిక్కుమొక్కులేని అభాగ్యురాలను. కండెలు చుట్టి చుట్టి కన్నుల కాంతి సన్నగిల్లినది. తిండి లేక కాళ్ళలో సత్తువ ఉడిగినది. ఏ క్షణమున నేలకొరుగుదునో ఎరుగను. కావున తమ ఇంట వంటపని దయచేయించవలెను.' రాస్తుంటే నాకే ఏడుపొచ్చింది. కలం తాత చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "శభాష్. నా పేరు నిలవెడ్తవు" అన్నాడు. మరునాడు పొద్దున చిన్నమ్మ ఆ కాగితం పట్టుకొని పోయింది, మధ్యాహ్నానికి చంకలో జొన్నల మూటతో తిరిగొచ్చింది. మూట దబ్బున నేలమీద పడేసింది.

"పని దొరికిందా చిన్నమ్మా?"

"పనేంది కొడుకా! వాళ్ల గుమాస్తా సదువుతుంటె సేఠాణి కొంగు నోట్ల వెట్టుకొని ఏడ్సింది. కూసుండవెట్టి మజ్జిగ తాపింది. ఊకె ఎందుకు తాగాలె అని లేసి వాకిలి ఊడ్వబోతే, పడిపోతవని చీపురు గుంజుకున్నది. ఇంటికి పోయి పండుకోమని జొన్నలిచ్చి పంపింది. నేను అడుక్కుంటానికి పోయిన్నా, పనికి పోయిన్నా? ఇంతకు ఏం రాసినవ్‌రా అండ్ల?"

చదివి వినిపించాను. చిన్నమ్మ జొన్నల మూట తీసి మళ్ళీ చంకన పెట్టుకుంది. తరువాత పక్కనున్న పెద్ద బిందెను ఒక్క చేత్తో లేపి నడుం మీద పెట్టుకొని, "ఏ క్షణమున నేలకొరుగుదునో ఎరుగను" అని అచ్చం నా గొంతుతోనే అనుకుంటూ నీళ్ళకు పోయింది. పోయే దారిలోనే జొన్నల మూటను సేఠు ఇంట్లో తిరిగిచ్చేసింది.

అప్పుడు నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. కన్నీళ్ళతో కానిది గొప్పలతో అవుతుందనుకున్నాను. కోస్తా జిల్లాల నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఒక ఇంజనీరుగారి బంగళాలో పనిమనిషి కోసం చూస్తున్నారు. ఇద్దరు చిన్నపిల్లలు, బంగళా వెనక పని మనుషులకు వేరే అర్రలు. ఈసారి కలం తాతకు కూడా చూపకుండా రాశాను. 'ఈమె కోస్తా వంటలన్నింటిలో సిద్ధహస్తురాలు. పులిహోర, గారెలు, పలు విధములైన పచ్చళ్ళు, ముఖ్యముగా కాఫీ తయారు చేయుటలో అసమానురాలు.' (కాఫీ అనేదాన్ని నేనప్పటికి కంటితో చూడలేదు. కోస్తా పెద్దమనుషులు పొద్దున లేవగానే అది తాగుతారని కచేరి చప్రాసి చెప్పగా విన్నాను.) చిన్నమ్మ పక్కనే కూర్చుని పత్తి గింజలు తీస్తూ అడిగింది.

"జొన్నరొట్టె రాసినవా?"

"రొట్టె రాస్తే నవ్వుతరు చిన్నమ్మా."

"పసిపిల్లలను మంచిగ చూసుకుంట, అది రాయి. బావ పిల్లలను అయిదుగురిని నేనే సాకిన."

"అందరు సాకుతరు. అదేం గొప్ప?"

"కాపీ అంటె ఏందిర మరి?"

"చాయ్ అసొంటిదే. పొడి ఏసి మసలవెట్టుడే."

చివర ఒక వాక్యం రాశాను. అది మాత్రం ఆమెకు చదివి వినిపించలేదు. 'ఈమె నాకు ముఖపరిచయము మాత్రమే అయినను, యోగ్యురాలని విన్నందున సిఫారసు చేయుచున్నాను.' కచేరి పని మీద నేను అప్పుడప్పుడు ఆ బంగళాకు పోయేవాణ్ణి. ఇంజనీరుగారి భార్య, మేమంతా ఇంజనీరమ్మ అనేవాళ్ళం, వరండాలో కుర్చీ చూపించి కూర్చోమనేది. నేను ఆ కుర్చీలో కూర్చుని ఉండగా మా చిన్నమ్మ పెరట్లో గిన్నెలు తోమడం ఊహించుకోలేకపోయాను. ఇన్నేళ్ళ తరువాత ఏ అలంకారమూ లేకుండా చెప్తున్నాను: నాకు సిగ్గేసింది. ఆమె పనికి కాదు, ఆమె నా మనిషి అయినందుకు.

కాగితం పనిచేసింది. చిన్నమ్మను వెంటనే పెట్టుకున్నారు. మరునాడు పొద్దున్నే చప్రాసి ఉరుక్కుంటూ కచేరికి వచ్చాడు. "నడువు, అమ్మగారు నిన్ను పిలుస్తుంది. ఇంజనీరు సాబు పన్ను కదిలిందంట."

నేను పోయేసరికి వరండాలో బల్ల మీద ఒక పళ్ళెం ఉంది. అందులో పచ్చిమిరపకాయలు, ఎల్లిపాయ వేసి పోపు పెట్టిన ఏవో నల్లని గింజలు. ఇంజనీరుగారు దవడ పట్టుకొని కూర్చున్నారు. జరిగిందేమంటే, ముందురోజు సాయంత్రం ఇంజనీరమ్మ "డబ్బాలో గింజలున్నాయి, పొద్దున అయ్యగారు లేచేసరికి సిద్ధం చేసెయ్" అని చెప్పి పిల్లల దగ్గరకు వెళ్ళిపోయింది. మావైపు పొద్దున గింజలంటే ఇంకేముంది, ఉడకబెట్టి పోపు పెట్టిన గుడాలు! చిన్నమ్మ ఆ కాఫీ గింజలను నానబెట్టి, తెల్లవారుజామున లేచి ఉడకబెట్టి, ఎంతకీ మెత్తబడకపోతే ఇంకో రెండు కట్టెలు ఎగదోసి, ఆఖరికి ఉప్పూ కారమూ వేసి పోపు పెట్టింది. "రుచి జూసిన అమ్మా, చేదున్నయి. మీ దిక్కు బొబ్బర్లు గిట్లనే ఉంటయేమో అనుకున్న" అని ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఎంతో మర్యాదగా చెప్తోంది. ఆమె చంకలో చిన్నపిల్ల నిద్రపోతోంది.

ఇంజనీరమ్మ నా కాగితం చేతిలో పట్టుకొని ఉంది. "ఏమయ్యా, ఇది రాసింది నువ్వే కదూ? అసమానురాలు అన్నావు. ఆ మాట నిజమే, ఇలాంటి కాఫీ మా వంశంలో ఎవరూ తినలేదు." నేను నేల చూశాను. "ఇంతకీ ఈవిడ నీకేమవుతుంది?"

నోరు తెరిచాను. కుర్చీ కనబడింది, చప్రాసి కనబడ్డాడు. అంతలో గుమ్మం నుంచి చిన్నమ్మ గొంతు నిదానంగా వచ్చింది. "ఏం గాడమ్మా. కచేరి కాడ అందరికి రాస్తడు గదా, నేను గూడ పోయి రాపిచ్చుకున్న."

నేను ఆ మాటను అలాగే ఉండనిచ్చాను.

ఇంజనీరమ్మ మా ఇద్దరి వైపూ ఒకసారి చూసింది. తరువాత కాగితం మడిచి పక్కన పెట్టి, "సరే, ఇతను రాసింది వదిలెయ్. నీకు ఏమొచ్చో నువ్వు చెప్పు" అన్నది. చిన్నమ్మ పిల్లను ఇంకో భుజం మీదికి మార్చుకొని చెప్పింది: "జొన్నరొట్టె చేస్త. పప్పు, పచ్చిపులుసు చేస్త. మీ వంటలు రావు, సూపెడితే నేర్చుకుంట. పిల్లలను కొట్ట. రోగమొస్తె పక్కన కూసుంట. ఎవల సొమ్ము ముట్ట. నాకు జర కోపమెక్కువ, గాని ముద్ద తినంగనే పోతది. పండుకోను అర్ర కావాలె. ఎవరన్న బండి కట్టుకొని వచ్చి రమ్మంటె, రానని నేనే చెప్పుకుంట."

ఇంజనీరుగారు దవడ మీద నుంచి చెయ్యి తీయకుండానే, "ముందు ఆ రొట్టె ఏదో మెత్తగా చేసి పెట్టమను" అన్నారు. చిన్నమ్మ పిల్లతో సహా లోపలికి పోయింది.

దసరా వెళ్ళిన నాలుగోనాడు బావ బండి వచ్చింది. చిన్నమ్మ ఆయన్ని తన అర్ర ముందు నులకమంచం మీద కూర్చోబెట్టి, రొట్టె పెట్టి, చివర్లో ఇత్తడి గ్లాసునిండా కాఫీ ఇచ్చిందట. ఆయన ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "ఇదేంది, మందా?" అన్నాడట. "గీడ పొద్దుగాల లేవంగనే ఇదే తాగుతం బావా" అని చిన్నమ్మ తాను కూడా ఒక గ్లాసు తెచ్చుకొని ఎదురుగా కూర్చుందట. బండి ఖాళీగానే తిరిగిపోయింది. మా ఇంట్లో ఆ రోజు అవ్వ బెల్లం పరమాన్నం వండింది.

తరువాత మూడేళ్ళు నేను ఆ బంగళాకు ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఆ కుర్చీలోనే కూర్చున్నాను. చిన్నమ్మ కాఫీ తెచ్చి ఇచ్చేది. నేను "ఆఁ, అక్కడ పెట్టు" అనేవాణ్ణి. ఆమె పెట్టి పోయేది. ఇంటికి పండుగలకు వచ్చినప్పుడు మాత్రం, "ఆఁ, ఆడ పెట్టు" అని నా గొంతుతో అని అవ్వను నవ్వించేది. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వి తప్పించుకునేవాణ్ణి అనాలి.

ఇంజనీరుగారికి బదిలీ అయింది. పిల్లలు వదలక చిన్నమ్మ కూడా వాళ్ళతో బయలుదేరింది. బస్సు దగ్గర ఊళ్ళో సగం మంది ఉన్నారు, చప్రాసితో సహా. ట్రంకు పెట్టె పైకెక్కించి కిందికి దిగాను. కిటికీలో చిన్నమ్మ మొహం కనబడగానే ఏమైందో తెలియదు. "చిన్నమ్మా, ఉత్తరం రాపియ్యి, ఆరోగ్యం జర చూసుకో" అని ఊరంతా వినేట్టు అరిచాను. చిన్నమ్మ కంగారుగా ఇంజనీరమ్మ వైపు తిరిగింది. "ఈడు మా అక్క కొడుకమ్మా. ఇన్నొద్దులు చెప్పలే. చిన్నపిలగాడు, జర సిగ్గెక్కువ."

ఇంజనీరమ్మ పిల్లల్ని సర్దుకుంటూ, తల కూడా ఎత్తకుండా అన్నది: "ఆ మాత్రం తెలీకనా! ఆ గింజల రోజునే తెలుసు. ఇద్దరి ముక్కూ ఒకటేగా. ఎప్పుడు చెప్తాడా అని నేనూ, మా వారూ పందెం వేసుకున్నాం."

బస్సు కదిలింది. పందెం ఎవరు గెలిచారో నేను అడగలేదు. ఇప్పుడు నా వయసు ఆనాటి కలం తాత వయసు. రోజూ పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో ముందుగా ఆ ముక్కే కనబడుతుంది. దాన్ని ఊరంతా చూస్తుండగా మొహం మధ్యలో పెట్టుకొని, మూడేళ్ళు ముఖపరిచయం మాత్రమే అని తిరిగిన ఆ పిలగాణ్ణి తలచుకొని, సబ్బు నురగలోనే నవ్వుకుంటాను.