మా చిన్నమ్మ సినిమాలో పాట లేదు

నా చిన్నప్పుడు... మదనపల్లెలో ఒక సినిమా హాల్లో, నేల టికెట్లో కూర్చుని ఉన్నాం, అమ్మా నేనూ. తెర మీద పాట మొదలైంది. హీరోయిన్ వెనక పాతికమంది ఆడవాళ్ళు. అందరికీ ఒకటే ఆకుపచ్చ లంగా, ఒకటే పూలజడ. రెండో వరసలో చివరి మనిషిని చూసి నేను లేచి నిలబడ్డాను.

"మా! సిన్నమ్మ! అదో, సిన్నమ్మ!"

అమ్మ నా గౌను పట్టుకుని కిందికి లాగింది. "కూసో. మీ సిన్నమ్మ ఆడ యాడుండాది? ఆమె కాదు."

కానీ ఆమే... ఆ నవ్వు నాకు తెలియదా?

మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. తాత చర్చిలో పెద్ద. అమ్మ చెల్లెలు దీనమ్మ మద్రాసులో ఏదో కంపెనీలో టైపు కొడుతుందని మేముండే మిషన్ కాంపౌండంతా అనుకునేవాళ్ళు. అలా చెప్పింది మా ఇంట్లోవాళ్ళే. ఎనిమిదేళ్ళ నాకు ఒకటే అయోమయం. అమ్మ అబద్ధం చెప్పదు... నేను చూసిందీ అబద్ధం కాదు. మరి?

ఆ ఎండాకాలం చిన్నమ్మ వచ్చింది. వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని కాళ్ళకు ఆముదం రాసుకుంటోంది. అరికాళ్ళు కాయలు కాచి, బొటనవేలి గోరు నల్లబడి ఉంది.

"సిన్నమ్మా, టైపు కొడితే కాళ్ళు యాల ఇట్లయితాయి?"

కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, "మీ అమ్మనడుగు పో" అంది. అమ్మ చింతపండు పిసుకుతూ తల ఎత్తలేదు.

ఆ తర్వాత చిన్నమ్మ ముందు వరసలోకి వచ్చింది. డ్యాన్స్ మాస్టరుకు అసిస్టెంటయింది. కొన్నేళ్ళకు తానే మాస్టరయింది. తెర మీద 'మంజరి' అని పేరు పడేది... ఆ పేరు మా ఇంట్లో ఒక్కరూ పలకలేదు. తాత పోయినప్పుడు వచ్చి, సమాధుల దగ్గర అందరి వెనక నిలబడి, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. ఎవరూ పొమ్మనలేదు... ఉండమనీ అనలేదు.

నేను కుప్పంలో టీచరుగా చేరిన ఏడాది చిన్నమ్మ డైరెక్టరయింది. పుంగనూరులో షూటింగని ఫోన్ చేసింది. "అక్కను పిల్సుకోని రా పాపా."

నేను మదనపల్లె వెళ్ళి చెబితే అమ్మ "నాకు డ్యూటీ ఉండాది" అంది. మరుసటి రోజు పొద్దున డ్యూటీ దిగి, ఆ తెల్లచీరతోనే నాతోపాటు పుంగనూరు బస్సెక్కింది. ఎందుకు మనసు మారిందో చెప్పలేదు.

ఒక పెంకుటింటి ముందు తాడు కట్టి జనాన్ని ఆపారు. మేమూ ఆ జనంలోనే నిలబడ్డాం. లోపల వసారాలో బాలింత వేషం వేసిన అమ్మాయి పసిబిడ్డను ఎత్తుకోవాలి. రెండుసార్లు ఎత్తింది. రెండుసార్లూ బిడ్డ తల వేలాడింది.

అమ్మ తాడు కింద దూరి లోపలికి వెళ్ళిపోయింది.

"అట్ల కాదమ్మా! మెడ కింద సెయ్యి పెట్టల్ల!"

చిన్నమ్మ కుర్చీలోంచి లేచింది. ఇన్నేళ్ళ కోపమంతా ఇప్పుడే బయటపడుతుందేమో అనుకున్నాను.

"నువ్వే ఎత్తి సూపీ అక్కా" అంది చిన్నమ్మ మెల్లగా.

అమ్మ ఎత్తి చూపించింది. చిన్నమ్మ కెమెరా అతనికి కనుసైగ చేసింది. ఆ చేతులే సినిమాలో ఉన్నాయి. ఆ మధ్యాహ్నం అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని అన్నం తిన్నారు. మాట్లాడుకున్నది మాత్రం పప్పులో ఉప్పు గురించే.

సినిమా కుప్పం వచ్చింది. అమ్మను పిలిపించాను. హాల్లో మాతో కలిపి ఇరవై మంది ఉంటారేమో. తన చేతులు కనిపించినప్పుడు అమ్మ కదల్లేదు. సినిమా అయిపోయి లైట్లు వేశారు... అయినా లేవలేదు.

"పాట ఏదే?" అంది.

"ఇందులో పాటలు లేవు మా."

"ఇన్నేండ్లు ఆడిందే... ఒక్క పాటన్నా పెట్టలేదు యాల? నేను దానికే కాసుకోని కూసునుండా."

నన్ను గౌను పట్టి లాగిన మనిషేనా ఈమె?

వారం తిరక్కుండానే సినిమా పోయింది. చిన్నమ్మకు ఇంకో సినిమా ఎవరూ ఇవ్వలేదు. పాట ఎందుకు పెట్టలేదని ఫోన్లో అడిగితే, "ఆడి ఆడి ఇసుగెత్తింది పాపా" అని నవ్వేసింది. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ అడిగితే, ఈసారి నవ్వలేదు.

"పాటుంటే మీ అమ్మ సూడదనుకున్నా."

హాల్లో అమ్మ అన్న మాట అప్పుడు చెప్పాను. "అట్లనా..." అంది అంతే. రెండు జవాబుల్లో ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు చిన్నమ్మ మదనపల్లెలో అమ్మ దగ్గరే ఉంటోంది. మొన్న క్రిస్మస్‌కు చర్చిలో పిల్లలు డ్యాన్స్ చేశారు, మా పాప కూడా. పాస్టరుగారే ఫోన్ పట్టుకుని వీడియో తీశారు. అమ్మ అందరికీ వినపడేలా, "దీనా, పిల్లోళ్ళకు అడుగు కుదర్లేదు. నువ్వు పోయి నేర్పియ్యకూడదా?" అంది.

చిన్నమ్మ కాసేపు వాళ్ళనే చూసింది. "బాగనే ఆడతాండారు. వాళ్ళ ఇష్టానికి ఆడనీ అక్కా" అంది. లేవలేదు. అది కోపమా, తృప్తా... నాకు అర్థం కాలేదు. అమ్మకూ అర్థమైనట్టు లేదు.

మేము ఇల్లు చేరేలోపే మా పాప డ్యాన్సు చుట్టాలందరి ఫోన్లలో ఉంది. ఎన్ని మెచ్చుకోళ్ళో... సంతోషమే. కానీ ఇందులో ఒక్క మాటైనా అప్పట్లో మా చిన్నమ్మకు ఎందుకు దక్కలేదో... ఎవరిని అడగాలో కూడా తెలియడం లేదు.

మీ ఇళ్ళల్లోనూ చేసే పని ఒకటి, ఇంట్లోవాళ్ళు బయటికి చెప్పే పని ఇంకొకటిగా బతికిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే, వాళ్ళు నిజంగా ఏం చేసేవాళ్ళో ఇక్కడ రాయండి... ఇప్పుడైనా నలుగురం చదువుకుందాం.